కిక్ లేని బండి, ఎక్కని చార్జింగ్: వారంటీ ఇవ్వకపోవడంపై ఫిర్యాదు

అమ్రాబాద్ మండలం,
నాగర్‌కర్నూల్ జిల్లా.
8 జనవరి 2026

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: చార్జింగ్ లోపాన్ని మీ సర్వీస్ సెంటర్ మూడుసార్లు కనిపెట్టలేకపోవడం, ఆ తర్వాత 'బండిని తోసి స్టార్ట్ చేశారు' అని వారంటీ నిరాకరించడం గురించి.

అయ్యా,

నేను గోపాలమిత్రను. ఆవులకు, బర్రెలకు ఎద సూదులు వేయడం, అంటే కృత్రిమంగా చూడి కట్టించడం నా పని. 2024 మే నెలలో మీ డీలర్ దగ్గర 150 సీసీ బండి కొన్నాను. రోజుకు అరవై కిలోమీటర్లకు తక్కువ కాకుండా తిరుగుతాను. వెనక సీటు మీద లిక్విడ్ నైట్రోజన్ క్యాన్ కట్టి ఉంటుంది. సూదికి వాడే వీర్యం స్ట్రాలు మైనస్ 196 డిగ్రీల చలిలో అందులోనే ఉంటాయి. బండి ఆగితే నా పని ఆగుతుంది, నా కోసం ఎదురుచూసే రైతు పనీ ఆగుతుంది.

పోయిన నవంబర్ మొదటి వారం నుంచి పొద్దున సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరగడం మానేసింది. టక్ టక్ మని ఆగేది. నవంబర్ 12న మీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే బ్యాటరీ డౌన్ అయిందని చార్జింగ్ పెట్టి 250 రూపాయలు తీసుకున్నారు. 21న మళ్లీ వెళ్లాను. దగ్గర దగ్గర తిరిగితే బ్యాటరీ ఎక్కదని, కనీసం ఇరవై నిమిషాలు ఆపకుండా నడపాలని చెప్పి మరో 250 తీసుకున్నారు. రోజుకు అరవై కిలోమీటర్లు తిరుగుతానని చెప్పినా వినలేదు. డిసెంబర్ 1న బ్యాటరీ పూర్తిగా పోయిందన్నారు, దాని వారంటీ వేరన్నారు, 1,900 రూపాయలకు కొత్తది వేశారు. ఈ మూడుసార్లలో ఒక్కసారి కూడా ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీకి మీటర్ పెట్టి చూడలేదు. నేను అక్కడే నిలబడి ఉన్నాను కాబట్టి ఈ మాట ధైర్యంగా రాస్తున్నాను.

కొత్త బ్యాటరీ ఎనిమిది రోజులు కూడా నిలవలేదు.

డిసెంబర్ 8 సాయంత్రం ఐదు గంటలకు ఒక రైతు ఫోన్ చేసి తన బర్రె ఎదకు వచ్చిందన్నాడు. సాయంత్రం ఎదకు వచ్చిన పశువుకు మర్నాడు పొద్దున, పొద్దున వచ్చినదానికి ఆ సాయంత్రం సూది వేయాలి. మేము నేర్చుకునే మొదటి పాఠం అది. బర్రెలు ఎక్కువగా ఈ చలికాలంలోనే ఎదకు వస్తాయి. అరవకుండా, పెద్దగా లక్షణాలు చూపకుండా వచ్చిపోయే మూగ ఎద కూడా వాటిలో ఎక్కువ. రైతు దాన్ని గమనించి ఫోన్ చేయడమే గొప్ప. అది తప్పితే మళ్లీ 21 రోజులు ఆగాలి. రోజుకు ఐదు లీటర్లు ఇచ్చే బర్రె 21 రోజులు ఆలస్యంగా చూడి కడితే ఆ ఇంటికి 105 లీటర్ల పాలు పోయినట్టే. అన్ని రోజులూ మేత మాత్రం వేయాల్సిందే.

9వ తేదీ పొద్దున ఐదున్నరకు బయలుదేరాను. సెల్ఫ్ తీసుకోలేదు. మా ఇంటి ముందు కొంచెం వాలు ఉంది కాబట్టి తోసి స్టార్ట్ చేశాను. తాళం ఆన్ చేసి, రెండో గేరులో పెట్టి, క్లచ్ పట్టుకుని పరుగెత్తాలి. వేగం అందుకున్నాక సీటు మీద బరువు వేసి క్లచ్ వదలాలి. మొదటి గేరులో వదిలితే ఇంజిన్ తిరగకుండా వెనక చక్రం గీసుకుపోతుంది, అందుకే రెండో గేరు. మామూలు మనిషికి ఇందులో కష్టం పరుగే. నాకు అంతకన్నా పెద్ద కష్టం ఉంది. నైట్రోజన్ క్యాన్ ఒరగకూడదు. ఒరిగితే ద్రవం ఒలికి ఒళ్లు కాలుతుంది, లోపలి స్ట్రాలు పాడవుతాయి. అందుకని తోసే ముందు క్యాన్ విప్పి రోడ్డు పక్కన నిలబెట్టాలి. బండి అందుకున్నాక ఎక్సలేటర్ వదలకుండా తిప్పుకుని రావాలి, ఇంజిన్ ఆగకుండా చూసుకుంటూ మళ్లీ క్యాన్ కట్టాలి. ఒంటరిగా ఉన్నప్పుడు ఇదంతా ఎలా ఉంటుందో మీ వాళ్లు ఒక్కసారి ఊహించుకోవాలని కోరుతున్నాను.

ఊరు ఇంకా ఆరు కిలోమీటర్లు ఉందనగా నడుస్తున్న బండే ఆగిపోయింది. మీటర్ లైట్లు మసకబారి ఆరిపోయాయి. అంతకుముందే హెడ్‌లైట్ కూడా మసకబారింది, కానీ దాన్ని ఆపడానికి స్విచ్ లేదు. 2017 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ నిబంధన ప్రకారం లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలని నాకు తెలుసు, దానికి మిమ్మల్ని తప్పు పట్టను. కూలికి పోతున్న ఇద్దరు అన్నలు చూసి ఆగారు. ముగ్గురం నాలుగుసార్లు తోశాం. రాలేదు. ఎందుకు రాలేదో ఆ తర్వాత తెలిసింది, అది ఇక్కడ రాయడం అవసరం.

నా పాత బండికి కార్బొరేటర్ ఉండేది. బ్యాటరీ విప్పి పక్కన పెట్టినా కిక్ కొడితే స్టార్ట్ అయ్యేది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక మీ బండ్లలో పెట్రోలు పంపు, ఇంజెక్టర్, కంప్యూటర్ అన్నీ కరెంటు మీదే నడుస్తున్నాయి. తాళం తిప్పగానే రెండు సెకన్లు జుయ్ మని వినిపించేది ఆ పంపే. ఆ శబ్దం వస్తే తోసినా ఇంజిన్ అందుకుంటుంది. రాకపోతే పది మంది కలిసి కిలోమీటరు తోసినా అందుకోదు, ఎందుకంటే ఇంజిన్‌కు పెట్రోలే పోదు. ఆ రోజు శబ్దం రాలేదు. ఈ చిన్న సంగతి తెలిసి ఉంటే ఆ ఇద్దరి చేత నాలుగుసార్లు తోయించేవాణ్ని కాదు. వాళ్ల కూలి టైం కూడా నా వల్ల పోయింది.

చివరికి ఆ రైతే తన బండి మీద వచ్చి నన్ను, క్యాన్‌ను తీసుకెళ్లాడు. సూది వేసేసరికి పదకొండు దాటింది. డిసెంబర్ 30న బర్రె మళ్లీ ఎదకు వచ్చింది. ఆలస్యం ఒక్కటే కారణమని నేను అనను, సరైన టైంకు వేసినా కొన్నిసార్లు కట్టవు. కానీ నేను టైంకు చేరలేదన్నది నిజం. ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు. అది నాకు ఇంకా బాధగా ఉంది.

డిసెంబర్ 10న అచ్చంపేటలో ఒక పాత మెకానిక్ దగ్గరికి బండిని ఆటో ట్రాలీలో తీసుకెళ్లాను. ఆయన వేరే బ్యాటరీ తగిలించి, స్టార్ట్ చేసి, మీటర్ పెట్టాడు. 12.1 వోల్టులు చూపించింది. ఎక్సలేటర్ ఇచ్చినా పెరగలేదు. చార్జింగ్ సరిగా ఉంటే దాదాపు 14 రావాలి. ఇంజిన్ తిరిగితే కరెంటు పుట్టించే మ్యాగ్నెట్ కాయిల్ నుంచి వచ్చే మూడు పసుపు వైర్లలో కరెంటు బాగానే వస్తోంది. అంటే తప్పు బ్యాటరీది కాదు, ఆ కరెంటును బ్యాటరీకి సరిపడేలా మార్చి పంపే ఆర్.ఆర్. యూనిట్‌ది. ఇదంతా తేల్చడానికి ఆయనకు పది నిమిషాలు పట్టింది, డబ్బులు కూడా తీసుకోలేదు. మీ సర్వీస్ సెంటర్‌కు నెల రోజులు సరిపోలేదు.

11న మీ దగ్గరికి వెళ్లి ఇదే చెప్పాను. బయటి మెకానిక్ చెయ్యి పెట్టాడు కాబట్టి, బండిని తోసి స్టార్ట్ చేశారు కాబట్టి వారంటీ రాదన్నారు. ఆయన ఏ భాగమూ విప్పలేదు, మీటర్ పెట్టి చూశాడంతే. తోయడం గురించి మీరిచ్చిన పుస్తకంలో ఒక వాక్యం ఉన్న మాట నిజం. కాలని పెట్రోలు సైలెన్సర్‌లో పొగను శుభ్రం చేసే కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని పాడు చేయొచ్చని రాశారు. ఆ కారణాన్ని నేను కాదనను. కానీ నా కన్వర్టర్ పాడవలేదు. పాడైంది ఆర్.ఆర్. యూనిట్, అది కూడా నేను మొదటిసారి తోయకముందే. పైగా నవంబర్ 21న మీ సర్వీస్ సెంటర్ గేటు దగ్గర బండి మొరాయిస్తే మీ మెకానిక్ కుర్రాళ్లే తోసి స్టార్ట్ చేసి నాకిచ్చారు. తోయడం తప్పయితే ఆ రోజే ఆ మాట చెప్పాల్సింది.

బండి లేకపోతే నాకు గడవదు కాబట్టి యూనిట్‌కు 2,400, కూలికి 350 కట్టి వేయించుకున్నాను. అప్పటి నుంచి నాలుగు వారాలుగా సెల్ఫ్ ఒక్కసారి కూడా తప్పలేదు. ఇప్పుడు ఇంజిన్ నడుస్తుంటే మీటర్ 14.1 చూపిస్తోంది. ఫోటో తీసి జత చేశాను.

నాకు రావాల్సింది మొత్తం 5,150 రూపాయలు: రెండుసార్లు చార్జింగ్‌కు 500, అనవసరంగా మార్చిన బ్యాటరీకి 1,900, ఐదేళ్ల వారంటీలో ఉన్న బండికి నేను కట్టిన 2,750. ఆటో ట్రాలీ ఖర్చు అడగడం లేదు.

డబ్బుతో పాటు ఇంకో మాట కూడా మీరు పట్టించుకోవాలి. సెల్ఫ్ మోటారుకు చాలా కరెంటు కావాలి, పంపుకు కొంచెం చాలు. బ్యాటరీ సెల్ఫ్ తిప్పలేని స్థితికి వచ్చినా పంపును నడపగలిగే రోజులు కొన్ని ఉంటాయి. ఆ రోజుల్లో కిక్ రాడ్ ఉంటే మనిషి పరుగెత్తకుండా, ఎవరినీ బతిమాలకుండా ఇంటికి చేరతాడు. నవంబర్ అంతా నాకు అలాంటి రోజులే. నాతో పనిచేసే ఒకాయనకు యాభై ఐదేళ్లు, మోకాళ్ల నొప్పి. నూట నలభై కిలోల బండిని ఆయన తోయగలడా? ఇంజెక్టర్ ఉన్న బండ్లలో కూడా కిక్ ఉన్నవి మార్కెట్లో ఉన్నాయి. మా లాంటి ఊళ్లలో అమ్మే మోడళ్లకైనా కిక్ తిరిగి పెట్టండి. అది కుదిరేదాకా, పంపు శబ్దం సంగతి, తోస్తే ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు రాదు, ఎంతవరకు తోయొచ్చు అన్నది ఒక పేజీ తెలుగులో అచ్చువేసి బండి ఇచ్చేటప్పుడే చేతికివ్వండి. నాకిచ్చిన పుస్తకంలో తెలుగు లేదు. కొనేటప్పుడు మీ సేల్స్ కుర్రాడు బ్లూటూత్ ఎలా కలపాలో అరగంట చూపించాడు, ఈ మాట మాత్రం చెప్పలేదు.

పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాను. రాకపోతే 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 చట్టం ప్రకారం నేను ఉండే చోటే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు కొన్న వస్తువుకు ఫీజు కూడా లేదు. అంత దూరం పోవాలని నాకు లేదు. కోర్టు చుట్టూ తిరిగే ప్రతి రోజూ ఎవరో ఒక రైతుకు సూది టైం తప్పుతుంది.

ఫోన్ చేసేటట్లయితే మధ్యాహ్నం ఒంటి గంట తర్వాత చేయండి. పొద్దున పూట ఊళ్ల మీద ఉంటాను, కొన్ని చోట్ల సిగ్నల్ ఉండదు.

ఇట్లు,
మీ బండి కొన్న ఒక గోపాలమిత్ర

జత చేసినవి: నాలుగు సర్వీస్ బిల్లులు, వారంటీ కార్డు నకలు, కొత్త బ్యాటరీ బిల్లు, మీటర్ రీడింగుల ఫోటోలు రెండు.