మైనర్‌గానైనా తత్త్వశాస్త్రాన్ని రానివ్వండి

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో గణితం చెబుతాను. రెండేళ్ల కిందట అడ్మిషన్ల సమయంలో నాకు హెల్ప్ డెస్క్ డ్యూటీ వేశారు. ధ్రువపత్రాలు సరిచూడటం, ఓటీపీ రాని ఫోన్లతో కుస్తీ పట్టడం, ఇదే పని. నాలుగో రోజు మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చింది. ఇంటర్‌లో ఎంపీసీ. కంప్యూటర్ సైన్స్ మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టుగా, కావాలంది. అది మామూలే. ఆ తర్వాత అనుబంధ సబ్జెక్టు మాటకొచ్చి, "మైనర్‌గా ఫిలాసఫీ తీసుకోవచ్చా సార్?" అని అడిగింది.

పక్క బల్ల దగ్గరున్న సహోద్యోగి నవ్వాడు. నాకూ నవ్వు వచ్చిందనే ఒప్పుకోవాలి. ఆ అమ్మాయి నొచ్చుకోలేదు. సంచిలోంచి స్పైరల్ బైండింగ్ చేసిన జెరాక్స్ నోట్సు తీసి బల్ల మీద పెట్టింది. వాళ్ల అన్న బీటెక్ చదివి, హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకుని సివిల్స్‌కు తయారవుతున్నాడట. పరీక్షకు ఎంచుకున్న ఆప్షనల్ సబ్జెక్టు ఫిలాసఫీ. సంక్రాంతికి ఇంటికి వచ్చి ఆ పుస్తకం మరిచిపోయి వెళ్లాడు. చెల్లెలు వేసవి అంతా దాన్ని చదివింది. ప్రత్యక్ష ప్రమాణం, అంటే ఇంద్రియాలతో నేరుగా తెలుసుకోవడం, గురించి చెప్పిన పేజీ అంచున పెన్సిల్‌తో, "కలలో చూసినదీ ప్రత్యక్షమేనా?" అని రాసుకుంది. ఇరవై రెండేళ్లుగా పాఠం చెబుతున్నాను. పాఠ్యపుస్తకం అంచున ఒక విద్యార్థి సొంత ప్రశ్న రాసుకోవడం ఎన్నిసార్లు చూశానో లెక్కపెడితే ఒక చేతి వేళ్లు చాలు.

మా కళాశాల జాబితాలో ఫిలాసఫీ లేదు. "లేదమ్మా" అన్నాను. చివరికి ఆమె గణితం మైనర్‌గా తీసుకుని నా తరగతికే వచ్చింది. తెలివైన విద్యార్థిని దొరికినందుకు నేను సంతోషించాలి, నిజానికి.

2023-24లో మన రాష్ట్రం డిగ్రీలో మేజర్, మైనర్ విధానం తెచ్చినప్పుడు, ఎవరికి నచ్చిన సబ్జెక్టు వాళ్లు జోడించుకోవచ్చని మేమే తల్లిదండ్రులకు వివరించాం. తీరా జరిగింది వేరు. తరగతి నడవాలంటే తగినంత మంది ఉండాలి, చెప్పడానికి మనిషి ఉండాలి, టైమ్ టేబుల్ కుదరాలి. అందుకని కళాశాల తన దగ్గరున్న అధ్యాపకులను బట్టి ఒక మైనర్ నిర్ణయిస్తుంది, తరగతి మొత్తం దాన్నే "ఎంచుకుంటుంది". మేజర్ ఒకటి ఉండాలా, రెండు ఉండాలా అన్న చర్చ ఎలా తేలినా ఈ చిక్కు అలాగే ఉంటుంది.

ఇక్కడ ఒక వింత ఉంది, మీరు గమనించే ఉంటారు. యూపీఎస్సీ సివిల్స్ మెయిన్స్‌లో 2013 నుంచి నీతిశాస్త్రానికి 250 మార్కుల పేపరు ఉంది. ఫిలాసఫీ ఆప్షనల్ తీసుకుంటే మరో 500 మార్కులు. ఇంజనీరింగ్ చదివినవాళ్లు ఎందరో ఆ ఆప్షనల్ తీసుకుంటున్నారు. అంటే ప్రభుత్వం తన అధికారులను ఎంపిక చేసేటప్పుడు అడిగే చదువును డిగ్రీలో ఉచితంగా చెప్పించదు. అదే చదువును పిల్లలు ఇరవై నాలుగేళ్లు దాటాక, అప్పు చేసి, కోచింగ్ సెంటర్లో, కొద్ది నెలల్లో, మార్కుల కోసం చదువుతారు. ఈ చదువుకు అంతకంటే చెడ్డ పద్ధతి నాకు తోచదు.

పుస్తకాలు అలా చేతికి తగలడం వల్లే రాధాకృష్ణన్ గారు కూడా ఇటు వచ్చారని చెబుతారు. ఆయన చేరిన కళాశాలలోనే అంతకుముందు చదివి వెళ్లిన బంధువొకరు తన ఫిలాసఫీ పుస్తకాలు ఇచ్చారట, కొనే ఖర్చు తప్పింది. ఆయన 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపకులపతి. ఏటా సెప్టెంబరు 5న మా కళాశాలలోనూ ఆయన పటానికి దండ వేస్తాం. ఆయన చెప్పిన సబ్జెక్టు మాత్రం మా దగ్గర లేదు.

"నైతిక విలువల కోర్సులు ఉన్నాయి కదా" అని మీ అధికారులు అనవచ్చు. ఉన్నాయి. 'మానవ విలువలు, వృత్తి నీతి' పాఠం నేనూ చెప్పాను. వర్క్‌లోడ్ తక్కువ ఉన్నవాళ్లకు అంటగట్టే పాఠం అది. నిజం చెప్పాలి, పెద్దలను గౌరవించాలి అని చెప్పి, పరీక్ష పెట్టి, మార్కులు వేస్తాం. పిల్లలు తల ఊపుతారు. ఒక రోజు నాకే విసుగు పుట్టి పుస్తకం మూసేసి, ఆ అమ్మాయి నోట్సులో చూసిన న్యాయదర్శనపు, అంటే మన పాత తర్కశాస్త్రపు, ఉదాహరణ బోర్డు మీద రాశాను. కొండ మీద నిప్పు ఉంది. ఎందుకంటే పొగ ఉంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగా. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది. కాబట్టి నిప్పు ఉంది.

వెనక బెంచీ కుర్రవాడు లేచి, "మా ఇంట్లో గ్యాస్ పొయ్యి సార్. నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. మీ సూత్రం తప్పు" అన్నాడు. సగం తరగతి వాడి పక్షం. పొగ ఉంటే నిప్పు ఉంటుందనడం వేరు, నిప్పు ఉంటే పొగ ఉంటుందనడం వేరు అని తేల్చుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది, అదీ వాళ్లలో వాళ్లు వాదించుకుని. ఈలోపు పాడేరు వైపు నుంచి వచ్చిన అమ్మాయి, "మా కొండల మీద మంచు కూడా దూరం నుంచి పొగలాగే ఉంటుంది. ముందు అది పొగో కాదో తేలాలి కదా" అంది. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. ఒక ప్రవచనానికీ (స్టేట్‌మెంట్) దాని విపర్యయానికీ (కన్వర్స్) తేడా నేను ఏళ్ల తరబడి లెక్కల తరగతిలో చెబుతున్నదే. ఆ రోజు పొయ్యి దగ్గర తెలిసినంత స్పష్టంగా ఎన్నడూ తెలియలేదు వాళ్లకు. గ్యాస్ పొయ్యి లేని రోజుల్లో ఇదే అభ్యంతరానికి పాత తార్కికులు కాల్చిన ఇనుప గుండును చూపారని తర్వాత చదివి తెలుసుకున్నాను. అందులోనూ నిప్పే తప్ప పొగ ఉండదు.

ఆ ఉదాహరణ దేశమంతటా విద్యార్థులకు చేరింది 'తర్కసంగ్రహం' ద్వారా. 17వ శతాబ్దంలో దాన్ని రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే, కాశీ వెళ్లి పేరు తెచ్చుకున్నాడు. "బాలానాం సుఖబోధాయ" అని మొదట్లోనే రాసుకున్నాడు, పిల్లలకు తేలిగ్గా అర్థం కావడానికి అని. మొదటి సంవత్సరం విద్యార్థులకు పాఠ్యపుస్తకం అన్నమాట. బౌద్ధ తత్త్వవేత్త నాగార్జునుడి పేరు ఆనకట్టకు పెట్టుకున్నాం, విశ్వవిద్యాలయానికి పెట్టుకున్నాం. ఆయన ఏమి వాదించాడో డిగ్రీ చదివిన మన పిల్లల్లో ఎందరు రెండు వాక్యాల్లో చెప్పగలరు?

ఉద్యోగాల మాట వస్తుంది. ఫిలాసఫీ ఒక్కటే చదివితే ఉద్యోగం వస్తుందని నేను ఎవరికీ చెప్పను, నా కూతురికీ చెప్పలేదు. అందుకే మైనర్ అంటున్నాను. కంప్యూటర్ చదివే పిల్ల యంత్రం ఇచ్చిన జవాబును ఎందుకు నమ్మాలో అడగడం నేర్చుకుంటుంది. నర్సింగ్‌కో లా కోర్సుకో వెళ్లేవారికి దీని అవసరం వేరే చెప్పనక్కరలేదు. అసలు అడ్డంకి మన మాటలోనే ఉంది. "వేదాంతం మాట్లాడకు", "ఫిలాసఫీ చెప్పకు" అని ఇంట్లో కసురుకుంటూ పెరిగినవాళ్లం. అదేదో పదవీ విరమణ తర్వాత టీవీ ప్రవచనాల ముందు కూర్చుని వినేదనుకుంటాం.

ప్రతి కళాశాలలో ఒక విభాగం తెరవమని అడగటం లేదు. ఒక పట్టణంలోని మూడు నాలుగు ప్రభుత్వ కళాశాలలకు కలిపి ఒక్క అధ్యాపకుడిని ఇవ్వండి, ఫిలాసఫీలో ఎంఏ చేసినవారినే. మా వంటి గణితం వాళ్లకు అప్పగించకండి, నేను ఆ ఒక్క రోజుతో సరిపెట్టుకుంటాను. ఆ కళాశాలలన్నిటా మైనర్ తరగతులు ఒకే పూట పెట్టించండి, పిల్లలే అక్కడికి నడిచి వెళతారు. కనీస సంఖ్య నిబంధనను ఈ సబ్జెక్టుకు ఒక నాలుగేళ్లు పక్కన పెట్టండి. ఏడుగురు ఉన్నా తరగతి నడవనివ్వండి. డిగ్రీ పిల్లలు చదవగలిగే తెలుగులో మంచి పాఠ్యపుస్తకం రాయించండి, కొండా పొగా వంటిల్లూ ఉన్న పుస్తకం.

ఈ ఏడాదీ హెల్ప్ డెస్క్ డ్యూటీ నాకే పడింది. మళ్లీ ఎవరైనా వచ్చి అదే అడిగితే ఏమి చెప్పాలో, అడ్మిషన్లు మొదలయ్యేలోపు ఒక్క కాగితం మీద రాసి మా ప్రిన్సిపాల్ గారికి పంపించగలరు.

ఇట్లు,
ఒక గణిత అధ్యాపకుడు
(పేరు ఎందుకు రాయలేదో మీ శాఖ వారికి తెలుసు)