"పులి గ్యారంటీ" ప్రకటనలు వేయకండి, సఫారీ సమాచారం తెలుగులో ఇప్పించండి

సంపాదకుల వారికి నమస్కారం.

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, మన విశాఖలో ట్రావెల్స్ బోర్డుల మీద, వాట్సాప్ గ్రూపుల్లో, పొద్దున్నే పేపరు మడతలో పెట్టి వేసే కరపత్రాల్లో ఒకటే మాట, "జంగిల్ సఫారీ, పులి గ్యారంటీ" అని. ఆ మాట నమ్మి పోయిన ఏడాది మే నెలలో మా ఇంటిల్లిపాదీ, ఎనిమిది మందిమి, మహారాష్ట్ర వైపు వెళ్ళాం. ఏజెన్సీ వాళ్ళు డబ్బు మొత్తం ముందే కట్టించుకున్నారు, ఆధార్ ఫోటోలు ఫోన్‌లోనే పంపించమన్నారు. తీరా తెల్లవారుజామున గేటు దగ్గరికి వెళ్ళేసరికి రెండో జీపు పర్మిట్‌లో మా అత్తయ్యగారి పేరు లేదు, మా ఆడపడుచు కొడుకు పేరూ లేదు, వాటి బదులు మాకు ముక్కూ మొహం తెలియని వాళ్ళ పేర్లున్నాయి. గేటు సిబ్బందిని నేను తప్పుపట్టను, పర్మిట్‌లో పేరు, చేతిలోని ఒరిజినల్ కార్డు కలిస్తేనే లోపలికి పంపాలి, అది రూలు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, పదకొండేళ్ళ పిల్లాడు అలాగే రూముకి తిరిగి వెళ్ళిపోయారు. ఏడాది పొడుగునా నోటు పుస్తకం నిండా పులి బొమ్మలు గీసుకున్న పిల్లాడు వాడు. వాడి మొహం నాకింకా కళ్ళ ముందే ఉంది, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

లోపలికి వెళ్ళాక ఇంకో సంగతి తెలిసింది. మాకు "కోర్", అంటే అడవి నడిమి భాగం, అని చెప్పి ఇచ్చింది దాని చుట్టూ ఉండే బఫర్ జోన్. బఫర్ అంటే తీసిపారేయాల్సిందేమీ కాదు, అక్కడా పులులు తిరుగుతాయి, కొన్నిచోట్ల బాగానే కనిపిస్తాయి కూడా. కానీ కోర్ వేరు, బఫర్ వేరు, పర్మిట్లు వేరు, రుసుములు వేరు. ఆ తేడా కొనేవాళ్ళకి ముందే చెప్పాలా వద్దా?

అసలు పులిని గ్యారంటీగా చూపిస్తామని ఎవరు చెప్పగలరండీ? అది దాని దారిన తిరిగే జంతువు. గైడు చేయగలిగిందల్లా వినడం. చెట్టు మీద కొండముచ్చు ఒక్కసారిగా అరిస్తే, దుప్పి తోక పైకెత్తి కూత పెడితే, కణితి అనే పెద్ద జింక నేలను కాలితో తన్నితే దగ్గర్లో పులో చిరుతో కదులుతోందని అర్థం. మా గైడు ఆ రోజు జీపు ఇంజన్ ఆపించి పది నిమిషాలు అలా ఊరికే కూర్చోబెట్టాడు. నాకు ఆ సఫారీ మొత్తంలో బాగా గుర్తున్నవి ఆ పది నిమిషాలే. గ్యారంటీ అని మాట ఇచ్చి తీసుకొచ్చినప్పుడు ఆ ఓపిక ఎవరికీ ఉండదు, "ఇంకా ఎక్కడయ్యా పులి" అని డ్రైవర్ మీద ఒత్తిడి పెడతారు, వాడు వేగం పెంచుతాడు, ఒక పులి కనిపిస్తే డజను జీపులు దాని దారికి అడ్డంగా నిలబడతాయి. ప్రకటనలో ఒక్క అబద్ధం అడవిలో దాకా వెళ్తుంది.

మనవాళ్ళు పార్కు ఎంచుకునేటప్పుడు ఫోటో చూసి ఎంచుకుంటున్నారు. చూడాల్సింది నెల. మధ్య భారతంలోని పార్కుల్లో కోర్ ఏరియా జులై నుంచి సెప్టెంబరు దాకా వానల కోసం మూసేస్తారు. మహారాష్ట్రలో చంద్రపూర్ దగ్గరున్న తడోబాలో కోర్‌కి మంగళవారం సెలవు, మధ్యప్రదేశ్‌లోని కన్హాలో బుధవారం మధ్యాహ్నం సఫారీ ఉండదు, రెండే రోజులకి వెళ్ళేవాళ్ళకి ఈ ఒక్క ముక్క తెలియకపోతే సగం ప్రయాణం పోయినట్టే. ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు ఎండిపోయి జంతువులు గుంటల దగ్గరికి వస్తాయి కాబట్టి కనిపించే అవకాశం ఎక్కువ, నిజమే, కానీ చంద్రపూర్ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, మన సముద్రపు గాలికి అలవాటుపడ్డ ఒళ్ళు తట్టుకోలేదు. పసిపిల్లలు, పెద్దవాళ్ళు ఉన్నవాళ్ళు ఫిబ్రవరి, మార్చి చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం. డిసెంబర్, జనవరి అయితే తెల్లవారుజామున పైకప్పు లేని జీపులో చలి ఎముకలు కొరుకుతుంది, కన్హాలో అయితే దాదాపు సున్నాకి దిగిపోతుంది. అరకు వెళ్ళినప్పుడు వేసుకునే స్వెటర్ అక్కడ చాలదు, మంకీ క్యాప్, చేతి తొడుగులు, ఒక దుప్పటి ఉండాలి.

దారి సంగతి చెప్తాను. విజయవాడ, వరంగల్ మీదుగా ఢిల్లీ వెళ్ళే రైలెక్కితే బల్లార్షాలో దిగొచ్చు, చంద్రపూర్ పక్కనే, అక్కణ్ణుంచి తడోబా. కన్హాకైతే రాయగడ మీదుగా రాయ్‌పూర్ వెళ్ళి రోడ్డు పట్టుకోవచ్చు, కన్హా లోపలికి వెళ్ళే ముక్కి గేటు అటువైపే. ఇక మన రాష్ట్రంలోనే నాగార్జునసాగర్ శ్రీశైలం ఉంది, విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్ళే దారిలో తుమ్మలబయలు దగ్గర జీపు సఫారీ ఉంది, మార్కాపురం రోడ్ స్టేషన్‌లో దిగితే చాలు. అక్కడ పులి కనిపించడం అరుదు. ఆ మాట ముందే తెలుసుకుని వెళ్తే ఆ నల్లమల గాలికి, ఆ కొండలకి, దారిలో ఎదురయ్యే ఎలుగుబంటికో నెమలికో ఎంతో సంతోషిస్తారు. పక్షులు చాలనుకుంటే శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, మడ అడవి చూడాలంటే కాకినాడ దగ్గర కోరింగ. ఇవన్నీ పోస్టర్ మీద ఉండవు.

పర్మిట్ మాత్రం దయచేసి పార్కు వాళ్ళ అధికారిక వెబ్‌సైట్‌లో మీరే తీసుకోండి, నెలల ముందే. జీపులో ఆరుగురికే చోటు, డ్రైవరు, గైడు కాకుండా. పేరు కార్డులో ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే ఎక్కించండి, ఇంటి పేరు ముందో వెనకో కూడా చూసుకోండి, ఒరిజినల్ కార్డు సంచిలో పెట్టుకోండి. ఏజెంట్ ద్వారానే వెళ్తే డబ్బు కట్టేముందు పర్మిట్ కాపీ అడగండి, అందులో గేటు పేరు, కోరా బఫరా, ఏ పూట, ఎవరెవరి పేర్లు అని చదవండి. ఇవ్వనంటే వేరేవాళ్ళని చూసుకోండి.

ఇంకో విషయం ఎవరూ చెప్పరు, ముఖ్యంగా ఆడవాళ్ళకి, షుగర్ ఉన్నవాళ్ళకి. సఫారీ మూడు నాలుగు గంటలు, మధ్యలో వాళ్ళు చూపించిన చోట తప్ప బండి దిగడానికి వీల్లేదు. గేటు దగ్గరే బాత్రూం పని చూసుకోవాలి, మాత్రల వేళలు దానికి తగ్గట్టు సర్దుకోవాలి. నడుం నొప్పి ఉన్నవాళ్ళు వెనక వరసలో కూర్చోకండి, అది బాగా ఎగిరిపడుతుంది. బట్టలు ఆకుపచ్చ, మట్టి రంగుల్లో ఉంటే మేలు, సెంటు వద్దు, ముక్కుకి కట్టుకోవడానికి ఒక తువ్వాలు కావాలి, దుమ్ము అంతా ఇంతా కాదు. తడోబా కోర్‌లోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు, కాబట్టి ఒక బైనాక్యులర్ అరువైనా తెచ్చుకోండి.

పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్ళల్లో ఇప్పుడు కెన్యా ప్రయాణాలు కూడా ఎక్కువయ్యాయి. అక్కడికి వెళ్ళొచ్చేవాళ్ళకి ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ ఉండాలి, లేకపోతే తిరిగొచ్చాక మన విమానాశ్రయంలోనే క్వారంటైన్‌కి పంపొచ్చు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు, ప్రభుత్వం అనుమతించిన కేంద్రంలోనే వేయించుకోవాలి. అరవై దాటినవాళ్ళు ముందు డాక్టర్‌ని అడగాలి. ప్లాస్టిక్ సంచులు అక్కడ 2017 నుంచే నిషేధం, ఇక్కడి నుంచి పచ్చళ్ళు, పొడులు కట్టుకెళ్ళేటప్పుడు గుర్తుపెట్టుకోండి.

ఇంత సమాచారం నేను ఒక దెబ్బ తిన్నాక, ఇంగ్లీషు, హిందీ వెబ్‌సైట్లు నాలుగు నెలలు తిరగేసి పోగుచేసుకున్నాను. మా అత్తయ్యగారి లాంటి వాళ్ళు ఎక్కడ తెలుసుకుంటారు? ఊరి మధ్యలో కంబాలకొండ ఉంది మనకి, 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, పక్కనే 1977 నుంచి జూ ఉంది, ఆదివారం వస్తే రెండుచోట్లా జనమే. అక్కడ అటవీశాఖ, పర్యాటక శాఖ కలిసి ఒక చిన్న కౌంటర్ పెట్టి, ఏ పార్కు ఏ నెలలో తెరిచి ఉంటుంది, పర్మిట్ ఎలా తీసుకోవాలి, బండిలో ఎలా ఉండాలి అని తెలుగులో ఒక కాగితం ఇస్తే పెద్ద ఖర్చేమీ కాదు. సెలవులకి ముందు నెలకోసారి పిల్లల్ని కంబాలకొండ బాటలో పొద్దున్నే గంటసేపు నడిపించి, మాట్లాడకుండా వినడం నేర్పిస్తే ఇంకా మంచిది.

సఫారీలు అమ్మే ఏజెన్సీలు బిల్లు మీద కోర్ లేదా బఫర్, గేటు పేరు తప్పకుండా రాసివ్వాలని అధికారులు ఆదేశించాలి. అలాగే సంపాదకుల వారూ, మీ పత్రిక నగర పేజీలో కూడా పోయిన వేసవిలో "పులి గ్యారంటీ" ప్రకటన నేను రెండుసార్లు చూశాను. ఈ వేసవికి ఆ మాట ఉన్న ప్రకటన తీసుకోవద్దని, ఆ జాగాలో ఒక్క ఆదివారమైనా పార్కులు మూసి ఉండే రోజుల పట్టిక వేయమని కోరుతున్నాను. మా పిల్లాడిని వచ్చే ఫిబ్రవరిలో మళ్ళీ తీసుకెళ్తున్నాం, ఈసారి పర్మిట్ వాడి చేతే నింపించాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సీతమ్మధార, విశాఖపట్నం