ఒరేయ్ 455, నీ గురువు టవర్ చూశానురా

ఒరేయ్ 455,

ముందే తిట్టకు. నీ ఉత్తరం ఉగాదికి అందింది, జవాబు ఇప్పుడు రాస్తున్నాను. సాకులు చెప్పను, బద్ధకం. అమ్మ మోకాలు పర్లేదు, మా ఆవిడ ఉద్యోగం మారింది, నా పొట్ట మారలేదు. చిన్నదాని వీణ క్లాసు బయట కార్లో కూర్చుని రాస్తున్నాను, గంట టైముంది. ఇంటి సంగతులు ఇంతే.

ఇక అసలు విషయం. ఇక్కడ న్యూజెర్సీలో హడ్సన్ నది పక్కన కొండ మీదుగా ఒక రోడ్డుంది. ఆల్పైన్ అనే ఊరి దగ్గర చెట్ల పైకి ఒక టవర్ కనిపిస్తుంది, నాలుగు వందల అడుగుల పైమాటే. మూడు పెద్ద అడ్డ చేతులు, మూడు చోట్ల గాలిపటాలు ఆరేసుకోవచ్చు. పదకొండేళ్లుగా ఆ దారినే తిరుగుతూ కరెంటు టవరేమో అనుకున్నాను. పోయిన ఆదివారం చిన్నది "అదేంటి నాన్నా?" అంది. తెలీదని చెప్పడానికి సిగ్గేసి, ఇంటికొచ్చి చదివాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదురా.

అది ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ టవర్! చంద్రుడి మీదికి వెళ్లినాయన కాదు, సూపర్‌హెట్ అనే రేడియో పద్ధతి కనిపెట్టిన ఆర్మ్‌స్ట్రాంగ్. మా తాతయ్య రేడియో విప్పి లోపల 455 కిలోహెర్ట్జ్‌కి కట్టిన ఐఎఫ్ కాయిళ్ల మరలు తిప్పేశావే, విజయవాడ ముల్లు దగ్గర తమిళ వార్తలు పలికాయే, తాతయ్య కిక్కురుమనకుండా ఆర్నెల్లు అవే విన్నాడే... ఆ మరలు నీ చేతికొచ్చింది ఈయన వల్లే. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యం తరఫున పారిస్‌లో ఉండగా, 1918లో కనిపెట్టాడు. స్టేషన్ ఏదైనా సరే, ముందు దాన్ని ఆ 455 లాంటి ఒకే ఫ్రీక్వెన్సీకి దింపి, అక్కడ బలం పెంచడం. నీకు చెప్పడమంటే హనుమంతుడి ముందు కుప్పిగంతులే అనుకో. నీకు నామకరణం చేసింది ఆయనే అని మాత్రం ఒప్పుకో.

మనిషి కూడా అచ్చం నీలాగే. నువ్వు నీళ్ల ట్యాంకెక్కి ఏరియల్ కట్టి మీ నాన్నగారి చేత తన్నులు తిన్నావు కదా, ఈయన 1923లో న్యూయార్క్‌లో ఒక భవనం మీదున్న రేడియో టవర్ ఎక్కేశాడు. ఆర్‌సీఏ అనే రేడియో కంపెనీలో పెద్ద తలకాయ డేవిడ్ సార్నాఫ్‌కి ఒళ్లు మండింది. అదే ఏడాది ఆ సార్నాఫ్ సెక్రటరీ మేరియన్‌ని పెళ్లి చేసుకున్నాడు. పెళ్లి కానుక ఏమిచ్చాడనుకున్నావు? చేత్తో మోసుకెళ్లే సూపర్‌హెట్ రేడియో. ఇంకెవరైనా నగ ఇస్తారు.

ఇప్పుడు అసలు కథ. ఎండాకాలం సాయంత్రం దూరాన మెరిస్తే మీడియం వేవ్ బర్రుమనేది గుర్తుందా? నాటకం సరిగ్గా హత్య దగ్గరికొచ్చేసరికి ఏమీ వినపడేది కాదు. మెరుపు రేడియో తరంగం ఎత్తును చెడగొడుతుంది, మన పాట కూడా ఆ ఎత్తులోనే ఉంటుంది. ఈయన పాటని ఎత్తులోంచి తీసి ఫ్రీక్వెన్సీలో పెట్టాడు, అదే ఎఫ్ఎమ్. అంతకుముందే 1922లో జాన్ కార్సన్ అనే గణిత పండితుడు అలా చేస్తే లాభం లేదని లెక్కలు వేసి చూపించాడు. లెక్క తప్పు కాదు, కానీ అది సన్నటి బాటకి, అంటే కొద్దిపాటి ఫ్రీక్వెన్సీల వెడల్పుకి వేసిన లెక్క. ఈయన బాటనే వెడల్పు చేశాడు. 1933 డిసెంబర్ 26న పేటెంట్లు వచ్చాయి.

1935 నవంబర్ 5న న్యూయార్క్‌లో ఇంజనీర్ల సభలో చేసి చూపించాడు. నది పక్కన యాంకర్స్ ఊళ్లో స్నేహితుడి ఇంట్లో ట్రాన్స్‌మిటర్. అక్కడ గ్లాసులో నీళ్లు పోశారు, కాగితం నలిపారు. సభలో నీళ్లు పోసిన చప్పుడు నీళ్లు పోసినట్టే వినిపించింది! ఎన్నిసార్లు తల్చుకున్నా ఒళ్లు జలదరిస్తోందిరా. పాట కాదు, ఉపన్యాసం కాదు, గ్లాసులో నీళ్లు.

ఆయన పెరిగింది ఆ యాంకర్స్‌లోనే. కుర్రవాడిగా పెరట్లో పెద్ద ఏరియల్ స్తంభం నిలబెట్టిన ఊరికి ఎదురుగా, నదికి ఇవతలి గట్టున, సొంత డబ్బుతో ఈ టవర్ కట్టాడు.

తర్వాతిది చదివితే మండుతుంది. సార్నాఫ్‌కి టెలివిజన్ పిచ్చి. 1940లో ఆర్‌సీఏ పది లక్షల డాలర్లిచ్చి వదిలించుకుందామని చూస్తే, అందరిలాగే మీరూ రాయల్టీ కట్టండన్నాడు ఈయన. 1945లో ప్రభుత్వం ఎఫ్ఎమ్‌ని 42–50 మెగాహెర్ట్జ్ నుంచి 88–108కి ఎత్తేసింది. అప్పటిదాకా జనం కొన్న సెట్లు మూలపడ్డాయి. మన ఎఫ్ఎమ్ డయల్ మీది 88, 108 అంకెలు అప్పటివే. అప్పటి టీవీలో శబ్దమూ ఎఫ్ఎమ్మే, ఆర్‌సీఏ దానికీ పైసా కట్టలేదు. 1948లో కేసు వేశాడు. అది తేలకుండానే 1950లో పేటెంట్ల గడువు అయిపోయింది. అంతకుముందు 1946లో సైన్యం వాళ్లు చంద్రుడికి రేడియో తరంగం తగిలించి ప్రతిధ్వని తెచ్చుకున్నారు, అందులోనూ ఈయన పనితనం ఉంది. అలాంటి మనిషి పొద్దంతా వకీళ్ల ప్రశ్నలకి జవాబులు చెబుతూ...

డబ్బు కరిగిపోయింది. మేరియన్ తోబుట్టువు ఇంటికి వెళ్లిపోయింది. 1954 జనవరి 31 రాత్రి ఆమెకి రెండు పేజీల ఉత్తరం రాసి పెట్టి... పదమూడో అంతస్తు. 63 ఏళ్లు.

అదే ఏడాది ఆర్‌సీఏ ఆమెకి ఎంత ఇచ్చిందో తెలుసా? పది లక్షల పైచిలుకు. 1940లో ఇస్తామన్న అంకెకి కాస్త అటూ ఇటూ! మిగతా కంపెనీలని ఆవిడ ఒక్కొక్కటిగా గెలుస్తూ వచ్చింది. ఆఖరి కేసు 1967లో తేలింది.

2001 సెప్టెంబర్‌లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ రెండు భవనాలూ కూలినప్పుడు పైనున్న యాంటెన్నాలు పోతే, కొన్ని టీవీ స్టేషన్లు ఈ టవర్ మీదికే వచ్చాయట.

నువ్వు సోల్డరింగ్ ఐరన్ అటకెక్కించి బ్యాంకు పరీక్షకి వెళ్లిన రోజు నేను నీతో ఒక మాట అనాల్సింది. అనలేదు. ఇప్పుడు రాద్దామంటే... వద్దులే, అది ఫోన్లో కూడా కాదు, ఎదురుగా కూర్చున్నప్పుడు.

ఇంతకీ తాతయ్య రేడియో మీ ఇంట్లోనే కదా ఉంది? వెనక అట్ట తీసి, ఆ మరలు ఒకసారి

అయ్యో, క్లాసు వదిలేశారు. చిన్నది అద్దం కొడుతోంది. వీణ డిక్కీలో పట్టదు, ముందు సీటు వంచాలి. ఉంటానురా.