స్టిక్కర్ ఉంటే కొలత కరెక్టేనా?

ఎడిటర్ గారికి,

చిన్న పరిశ్రమల్లో రిజెక్షన్లు పెరగడానికి పనివాళ్లకి నైపుణ్యం లేకపోవడమే కారణమని మీ పేపర్లో చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. జీడిమెట్లలో ఒక మెషినింగ్ షెడ్‌లో ఇన్‌స్పెక్షన్ నా పని.

మొన్నామధ్య 50 మి.మీ. వ్యాసం ఉన్న షాఫ్టులు (గుండ్రటి ఇరుసులు) చేశాం. టాలరెన్స్, అంటే సైజులో ఒప్పుకునే తేడా, మొత్తం 25 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు). నైట్ షిఫ్ట్‌లో ఓకే అయిన లాట్‌లో చాలా జాబ్‌లు (తయారైన షాఫ్టులు) పొద్దున సైజు ఎక్కువని రిజెక్ట్ అయ్యాయి. ఇంకేముంది, మెషిన్ ఆపరేటర్‌కి చీవాట్లు, జీతంలో కోత. సైజు కొలిచే మైక్రోమీటర్ జోలికి మాత్రం ఎవరూ పోలేదు, ఎందుకంటే దానికి కాలిబ్రేషన్ స్టిక్కర్ (సరిగ్గా చూపిస్తోందని తనిఖీ చేసిన గుర్తు) ఉంది, గడువు కూడా దాటలేదు.

చివరికి పట్టుబట్టి గేజ్ ఆర్ అండ్ ఆర్ అనే స్టడీ చేయించాను, అంటే మన కొలతని ఎంతవరకు నమ్మొచ్చో చూసే పరీక్ష. పెద్ద ఖర్చేం లేదు. 10 షాఫ్టులు, ముగ్గురు మనుషులు, ఒక్కోటి మూడేసి సార్లు, మొత్తం 90 రీడింగులు. జాబ్ నంబర్ కనబడకుండా వరస మార్చి ఇవ్వాలి, లేకపోతే ఇందాక ఎంత వచ్చిందో గుర్తుపెట్టుకుని అదే చెప్పేస్తారు (నేనైనా అంతే). ఒకే మనిషి మళ్లీ కొలిస్తే ఎంత తేడా, మనిషి మారితే ఎంత తేడా, రెండూ తేలిపోతాయి. ఆ తేడా టాలరెన్స్‌లో 10 శాతం లోపుంటే ఇబ్బంది లేదు, 30 లోపుంటే పనిని బట్టి చూసుకోవాలి, 30 దాటితే ఆ కొలతని నమ్మడానికి లేదు. మాది 30 దాటింది.

నైట్ షిఫ్ట్‌లో కొలిచే ఆయన మైక్రోమీటర్ చివర ఉండే ర్యాచెట్ (ఎప్పుడూ ఒకే ఒత్తిడి పడేలా చూసే పిడి) ముట్టుకోకుండా థింబుల్‌నే (తిప్పే గొట్టాన్నే) వైస్ బిగించినట్టు బిగిస్తున్నాడు, రీడింగ్ తక్కువ చూపిస్తోంది. ఆ తర్వాత షిఫ్ట్‌లో పక్కన నిలబడి చూస్తే ఇంకోటి బయటపడింది. మెషిన్ మీంచి దించిన జాబ్‌ని చల్లారనివ్వకుండానే కొలుస్తున్నారు. 50 మి.మీ. ఉక్కు షాఫ్ట్ 20 డిగ్రీలు వేడెక్కితే 11 మైక్రాన్ల దాకా పెరుగుతుంది, అంటే టాలరెన్స్‌లో దాదాపు సగం. స్టడీకి చల్లారిన జాబ్‌లే పెట్టాం కాబట్టి అందులో ఇది దొరకలేదు, అది నా తప్పే.

కార్ల కంపెనీలకి సరఫరా చేసే యూనిట్లని ఈ స్టడీ చూపించమంటారు, మాలాంటి జాబ్ వర్క్ షెడ్లని అడిగేవాళ్లు లేరు. ఈసారి రిజెక్షన్ల మీద రాసేటప్పుడు మీ విలేకరిని ఈ సంగతి కూడా అడగమనండి. మా ఆపరేటర్‌కి కోసిన జీతం ఇంకా తిరిగి ఇవ్వలేదు.

— ఒక క్వాలిటీ ఇన్‌స్పెక్టర్, జీడిమెట్ల, హైదరాబాద్