పడవ మునిగినవారిని నీటిలోంచి తీసేటప్పుడు

గోపాల్‌పూర్, ఆర్జిపల్లి తీరాల మన తెలుగు మత్స్యకార సభ్యులందరికీ నమస్కారం. చలికాలంలో సముద్రం పోటుమీద ఉండగా పడవ బోల్తాపడిందని తెలిస్తే, సొంత పడవలు నీటిలోకి తోయకముందే తీర రక్షక దళం నంబరు 1554కు ఫోన్ చేసి, అది చివరిగా కనిపించిన చోటును, అందులోని మనుషుల లెక్కను చెప్పండి. నీటిలో ఒంటి వేడి గాలిలో కంటే సుమారు 25 రెట్లు వేగంగా పోతుంది కనుక, పడినవారు ఒడ్డు కోసం ఈదక, తిరగబడిన పడవపైకే ఎక్కి ఉండడం మేలు. చల్లని నీటిలో ఈది బయటపడడం అరుదు: 1984 మార్చిలో ఐస్‌లాండ్ వద్ద పడవ మునిగిన ఐదుగురిలో గంటల తరబడి ఈది బతికింది ఒక్కరే. మన నీరు అంత చల్లనిది కాకపోయినా, రాత్రంతా నానితే ప్రమాదమే.

అసలు జాగ్రత్త పైకి తీసేటప్పుడు కావాలి. చాలాసేపు నానిన మనిషిని చంకల కింద పట్టి నిలువుగా లాగితే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి గుండె ఆగిపోవచ్చు. వీలైతే వల మీదనో పలక మీదనో పడుకోబెట్టి తీయండి. తడిబట్టలు విప్పి, దుప్పట్లు చుట్టి, ముందుగా ఛాతీని వెచ్చబరచండి. చేతులు, కాళ్లు రుద్దవద్దు. వేడి పుడుతుందని మన పెద్దలు ప్రేమతోనే పోసే సారా అసలే వద్దు. స్పృహ పూర్తిగా ఉంటే తియ్యని వేడి టీ ఇచ్చి, 108లో బరంపురం ఆసుపత్రికి పంపండి.