పురుటికి వెళ్ళిన అమ్మమ్మలు చూస్తున్న అమెరికా

సంపాదకులకు నమస్కారం.

అమెరికా మహిళా హక్కుల ఉద్యమం గురించి మన పత్రికల్లో వార్త వచ్చిందంటే అది గర్భస్రావ హక్కు గురించో, సమాన హక్కుల రాజ్యాంగ సవరణ గురించో అయి ఉంటుంది. రెండూ చిన్న విషయాలు కావు. గర్భస్రావ హక్కును గుర్తించిన 1973 నాటి రో తీర్పును అక్కడి సుప్రీంకోర్టు 2022 జూన్‌లో కొట్టివేసింది. 1923లో తొలిసారి అక్కడి పార్లమెంటైన కాంగ్రెస్ ముందుకు వచ్చిన సమాన హక్కుల సవరణ వందేళ్ళు దాటినా ఆ రాజ్యాంగంలో అధికారికంగా చేరలేదు. వీటి గురించి రాయాల్సిందే. కానీ అదే ఉద్యమం యాభై ఏళ్ళకు పైగా అడుగుతున్న మరో కోరిక, అంటే తల్లులకు వేతన సెలవు, శిశు సంరక్షణ, వాటి ఊసు మాత్రం ఎక్కడా కనబడదు. అది తీరకపోతే ఇంట్లో ఏం జరుగుతుందో డాలస్ దగ్గర మా అమ్మాయి ఇంట్లో ఆరు నెలలుండి కళ్ళారా చూశాను. అందుకే ఈ ఉత్తరం.

నెలలు నిండుతున్నాయనగా వెళ్ళాను. సుఖప్రసవం, ఆడపిల్ల. ఇరవై ఒకటో రోజున ఉయ్యాలలో వేశాం. నలభై మూడో రోజున మా అమ్మాయి ఆఫీసుకు బయలుదేరింది. ఆ ఆరు వారాల్లో మూడు వారాలు ముందునుంచీ వాడకుండా దాచుకున్న సెలవులు, మిగతా మూడు జీతం లేనివి. మన దగ్గర బాలింతను గడప దాటనివ్వని రోజులవి.

అక్కడ చట్టం లేకపోలేదు. 1993లో వచ్చిన కుటుంబ, వైద్య సెలవు చట్టం 12 వారాల సెలవు ఇస్తుంది. అయితే ఆ సెలవుకు జీతం ఉండదు. సంస్థలో కనీసం 50 మంది పనిచేస్తూ ఉండాలి, చేరి ఏడాది నిండాలి. మా అమ్మాయి పనిచేసే చోట ముప్పై మందే. ఆ చట్టం ఆమె దాకా రానే లేదు. ఇంతమాత్రపు చట్టాన్ని కూడా అంతకుముందు అధ్యక్షుడుగా ఉన్న పెద్ద బుష్ రెండుసార్లు వీటో చేశారని తెలిసి ఆశ్చర్యపోయాను.

తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి పంపుతో పాలు తీసేది. చిన్న చిన్న ప్లాస్టిక్ సంచుల్లో పోసి, ఒక్కొక్క దాని మీద మార్కరుతో తేదీ, వేళ రాసి ఫ్రీజరులో పేర్చేది. తల్లి ఆఫీసులో ఉండగా నేను వాటిని గోరువెచ్చని నీళ్ళలో కరిగించి పసిదానికి పట్టేదాన్ని. సోమవారం నాటి పాలు గురువారం తాగేది. 2010లో వచ్చి 2022లో విస్తరించిన ఒక చట్టం పుణ్యమా అని ఆఫీసులో పాలు తీసుకోవడానికి గడియ పెట్టుకునే గదైనా దొరికింది. అదీ ఆ ఉద్యమం అడగ్గా అడగ్గా వచ్చిందే.

సాయంత్రం పార్కుకు వెళితే నాలాంటివాళ్ళే ఏడెనిమిది మంది కనిపించేవాళ్ళు. ఏలూరు, కరీంనగర్, కడప, ఎక్కడెక్కడివాళ్ళమో. అందరి చేతుల్లోనూ పిల్లల తోపుడు బండ్లే. ఊరి పేరు తర్వాత అడిగే మొదటి ప్రశ్న, "మీకు ఎప్పటిదాకా ఉంది?" అని. సందర్శకులుగా అక్కడ ఉండటానికి మాకిచ్చిన గడువు ఆరు నెలలు. నేను తిరిగొచ్చిన వారమే మా వియ్యపురాలు వెళ్ళారు. సంపన్న దేశం చేయాల్సిన ఏర్పాటును మోకాళ్ళ నొప్పులున్న మన అమ్మమ్మలూ నానమ్మలూ వంతులవారీగా చేస్తున్నారు. ప్రేమతోనే చేస్తున్నాం, మనవరాలిని ఎత్తుకోవడం ఎవరికి బరువు? కానీ వచ్చే తల్లి లేని ఆడపిల్ల సంగతేమిటి? ప్రసవమైన పదోరోజో పదిహేనోరోజో పనికి వెళ్ళక తప్పని అక్కడి పేదరాలి సంగతేమిటి?

1970 ఆగస్టు 26న, అక్కడి మహిళలకు ఓటు హక్కు వచ్చి యాభై ఏళ్ళు నిండిన రోజున, ఉద్యమ నాయకురాలు బెట్టీ ఫ్రీడన్ పిలుపుతో న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూ మహిళలతో నిండిపోయింది. గర్భస్రావ హక్కు, ఉద్యోగాల్లోనూ చదువుల్లోనూ సమాన అవకాశాలు, ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే శిశు సంరక్షణ కేంద్రాలు వాళ్ళ డిమాండ్లు. మరుసటి ఏడాదే శిశు సంరక్షణ బిల్లును రెండు సభలూ ఆమోదించాయి. దేశమంతటా కేంద్రాలు, రాబడిని బట్టి రుసుము, పేదలకు ఉచితం. గట్టు ఎక్కినట్టే అనుకున్నారు. 1971 డిసెంబరులో అధ్యక్షుడు నిక్సన్ వీటో చేశారు. కుటుంబం చేతిలో ఉండాల్సిన పెంపకాన్ని సామూహిక పద్ధతుల వైపు నెట్టినట్టవుతుందన్నది ఆయన వాదన. కుటుంబాన్ని నిలబెట్టాలనుకునే ప్రభుత్వం ముందు తల్లిని నాలుగు నెలలు ఇంట్లో ఉండనివ్వాలి కదా! రెండో ప్రపంచ యుద్ధంలో ఆడవాళ్ళు ఫ్యాక్టరీల్లో అవసరమైనప్పుడు ఇదే ప్రభుత్వం సొంత డబ్బుతో శిశు కేంద్రాలు నడిపింది. యుద్ధం ముగిశాక ఆ సాయం ఆగిపోయింది.

2021 నవంబరులో నాలుగు వారాల వేతన సెలవుతో కూడిన బిల్లు ప్రతినిధుల సభ దాటింది, సెనేట్‌లో ఆగిపోయింది. కాలిఫోర్నియా 2002లోనే సొంత చట్టం చేసుకుంది, ఇప్పుడు పదికి పైగా రాష్ట్రాలు ఆ బాట పట్టాయి. మా అమ్మాయి ఉండే టెక్సాస్ వాటిలో లేదు.

మన దేశం 2017లో 26 వారాల వేతన సెలవు చట్టం చేసిందని మురిసిపోవడానికి ఇదంతా రాయడం లేదు. పొలం పనులకు వెళ్ళే తల్లికి ఆ చట్టం అందడం లేదని ముప్పై ఏళ్ళు బడిలో పనిచేసిన నాకు బాగా తెలుసు.

మా అమ్మాయికి అక్కడ ఓటు లేదు. పౌరసత్వం వచ్చిన తెలుగువారికి ఉంది. వాళ్ళు తమ ప్రతినిధులను ఈ విషయం నిలదీసి అడగాలి. తానా, ఆటా వంటి సంఘాల మహాసభల్లో వేతన సెలవు, శిశు సంరక్షణ చర్చకు రావాలి. మీ పత్రిక కూడా అమెరికా మహిళల పోరాటం గురించి రాసేటప్పుడు ఈ కోరికకు చోటివ్వాలని కోరుతున్నాను.

మా మనవరాలికి ఇప్పుడు పది నెలలు. వియ్యపురాలి గడువు వచ్చే నెలతో తీరుతుంది. డే కేర్‌లో పేరు నమోదు చేయించారు, నెల రుసుము వాళ్ళ ఇంటి అద్దెకు కాస్త తక్కువ. ఇంకా ఖాళీ రాలేదట.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, గుంటూరు