పునరుత్థాన కాల ఆరాధనల జమా ఖర్చుల వివరణ, 2025

హన్మకొండలోని మన సంఘ సభ్యులకు, చందా ఇచ్చిన ప్రతి కుటుంబానికి ప్రభువు నామంలో వందనాలు. మార్చి 5న ఉపవాస కాలం మొదలయ్యే భస్మ బుధవారం నుంచి, జూన్ 8న పరిశుద్ధాత్మ దిగివచ్చిన దినమైన పెంతెకొస్తు ఆదివారం వరకు పండుగల కమిటీ చేతికి వచ్చిన, చేతి నుంచి వెళ్ళిన ప్రతి రూపాయి లెక్క ఇది. కోశాధికారిగా నేను రాస్తున్నాను.

ఏటా ఈస్టర్ మధ్యాహ్నానికే మన డబ్బు అయిపోయేది. నిరుడు మార్చి 31న పండుగ చేసుకున్నాం. ఆ రాత్రికి మిగిలింది 11,340 రూపాయలు. మరుసటి ఆదివారం చర్చిలో సగం బల్లలు ఖాళీగా ఉన్నాయి. నలభై రోజులు ఉపవాసముండి ప్రభువు శ్రమలను ధ్యానించే మనం, ఆయన లేచిన సంతోషాన్ని ఒక్క పూటలో ముగించడం నన్ను చాలాకాలంగా బాధిస్తోంది. పునరుత్థాన కాలం అంటే ఈస్టర్ నుంచి పెంతెకొస్తు వరకు యాభై రోజులు. ఈసారి ఆరాధనలనూ ఖర్చునూ ఆ యాభై రోజులకూ సర్దాం. ఇది కొందరికి నచ్చలేదు. అందుకే అంకెలతో పాటు కారణాలు కూడా చెబుతున్నాను.

జమ: నిరుటి నిల్వ 11,340. కుటుంబాల చందాలు 168 రసీదుల మీద 1,42,600. మట్టల ఆదివారం, శుభ శుక్రవారం, ఈస్టర్ ప్రత్యేక కానుకలు 46,870. స్త్రీల సమాజం వారు పచ్చళ్ళు పెట్టి అమ్మగా వచ్చినవి 12,500. డిబ్బీల సొమ్ము 38,215. మొత్తం 2,51,525 రూపాయలు.

డిబ్బీల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. కుమ్మరుల దగ్గర ఒక్కొక్కటి 20 రూపాయల చొప్పున 150 మట్టి డిబ్బీలు కొని (3,000) భస్మ బుధవారం నాడు ఇళ్ళకు పంచాం. ఉపవాసమున్న పూట మిగిలిన డబ్బు అందులో వేయమన్నాం. 131 తిరిగి వచ్చాయి. ఈస్టర్ సాయంత్రం చాపలు పరిచి, సండే స్కూలు పిల్లలతో కలిసి పగలగొట్టి లెక్కపెట్టాం. ఒక దానిలో అన్నీ రూపాయి బిళ్ళలే, 112 ఉన్నాయి. అది ఎవరిదో మేము అడగలేదు. ఈ డబ్బును పూలకు, మైకులకు వాడకూడదని ఆ రోజే తీర్మానించాం. మొత్తం సేవా పనులకే వెళ్ళింది.

ఇక పరిశుద్ధ వారం, అంటే ఈస్టర్‌కు ముందటి వారం, ఖర్చులు. మట్టల ఆదివారానికి ఈత మట్టలు ఊరి గీత కార్మికులు ఉచితంగా ఇచ్చారు, వారికి కృతజ్ఞతలు. వాటిని తెచ్చిన ఆటోకు 1,800, మజ్జిగకు 2,150, ఊరేగింపులో డప్పు వాయించిన కళాకారులకు 6,000. డప్పు మన ఆరాధనకు తగదని ఇద్దరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. వారంటే నాకు గౌరవం ఉంది, కానీ ఈ విషయంలో నేను ఏకీభవించలేను. మన ప్రాంతంలోనే డోర్నకల్ ఉంది. 1912లో బిషప్పుగా అభిషేకం పొందిన అజరయ్య గారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు, అక్కడ కట్టించిన మహాదేవాలయం 1939లో ప్రతిష్ఠ అయింది. దాని స్తంభాలనూ గుమ్మటాలనూ చూస్తే మన దేశపు గుడుల పోలికా మసీదుల పోలికా రెండూ కనిపిస్తాయి. ఈ నేల రూపాలతో దేవుణ్ణి కొలవడం మన పెద్దలే చూపిన దారి. ప్రభువు ఊరేగింపుకు మన డప్పు ఎందుకు పనికిరాదు?

గురువారం ప్రభువు చేసినట్టు పాదాలు కడిగే పాదప్రక్షాళనకు, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లకు కలిపి 3,400. శుభ శుక్రవారం షామియానా, కుర్చీలు, కూలర్ల కిరాయి 18,500, మజ్జిగ, మంచినీళ్ళు 4,600. కూలర్లు ఎందుకన్న ప్రశ్న వచ్చింది. ఈస్టర్ తేదీ పున్నమిని బట్టి మారుతుంది. క్రీ.శ. 325లో బిషప్పులు కూడిన నికయ సభ కాలం నుంచీ అన్ని సంఘాలూ ఒకే రోజున ఈ పండుగ చేయాలన్న ప్రయత్నం సాగుతూనే ఉంది. ఈ ఏడాది తూర్పు (ఆర్థడాక్స్) సంఘాలకూ మనకూ ఏప్రిల్ 20నే వచ్చింది. అంటే నిరుటి కంటే ఇరవై రోజులు ఎండలోకి జరిగాం. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు ప్రభువు సిలువపై పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు వినే వృద్ధులను ఆ వేడిలో కూర్చోబెట్టలేం. ఆ మాటల మీద ప్రసంగించిన ఏడుగురూ మన సంఘం వారే, ఎవరూ ప్రయాణ ఖర్చు కూడా తీసుకోలేదు.

సమాధుల తోట శుభ్రం చేయించి, సున్నం వేయించి, కొవ్వొత్తులూ దీపాలూ పెట్టడానికి 14,200. అక్కడే ఈస్టర్ తెల్లవారుజామున జరిపిన ఆరాధనకు మైకు సెట్టుకు 9,000, పూలకు 7,300, అల్పాహారానికి 24,750. మైకుకు మాట్లాడుకున్నది 15,000. ఐదు గంటలకు ఆరాధన మొదలైన కాసేపటికే జనరేటర్ ఆగిపోయింది. చీకట్లో ఎవరో ఒక అమ్మ కీర్తన ఎత్తుకున్నారు, తోటంతా అందుకుంది. ఆ పాట నా చెవుల్లో ఇంకా ఉంది. మైకు యజమాని న్యాయంగా 6,000 తగ్గించారు. పూలు తక్కువయ్యాయని, ఆరాధన బల్ల బోసిగా ఉందని అన్నవారికి మనవి: నిరుడు పూలకే 19,000 అయ్యింది, సాయంత్రానికే వాడిపోయాయి. ఈసారి మన బజారులో లిల్లీ అని అమ్మే నేలసంపెంగలు మాత్రమే పెట్టాం. స్త్రీల సమాజం ఉచితంగా కుట్టి ఇచ్చిన తెల్లవస్త్రం పెంతెకొస్తు ముందు దాకా బల్లమీదే ఉంది.

పరిశుద్ధ వారానికి, ఈస్టర్ ఉదయానికి అయినది మొత్తం 91,700. ఇక్కడి నుంచి యాభై రోజుల ఖర్చు.

అనేక ప్రొటెస్టెంటు సంఘాలు వాడే పాఠాల పట్టికను ఈసారి అనుసరించాం. మే 4 పాఠం యోహాను సువార్త 21వ అధ్యాయం, లేచిన ప్రభువు సరస్సు ఒడ్డున శిష్యులకు చేపలు, రొట్టె పెట్టిన ఘట్టం. ఆ రోజు ఆరాధన తరువాత అందరం నేలమీద కూర్చుని బొచ్చె చేపల పులుసుతో భోంచేశాం, 32,400. మే 11 పాఠం అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలోని తబితా కథ. విధవరాండ్రకు బట్టలు కుట్టిన ఆమెను తలుచుకుంటూ 41 మంది తల్లులకు 650 చొప్పున చీరలు, 26,650. రవికలు మన యువతులే కుట్టారు. మే నెల సెలవుల బైబిలు బడికి 21,600. ప్రభువు పరలోకానికి ఎక్కిన ఆరోహణ గురువారం (మే 29) దీపాలకు 2,300. ఈస్టర్‌కూ పెంతెకొస్తుకూ మధ్య ఆరు ఆదివారాలు ఎంజీఎం ఆసుపత్రి దగ్గర రోగుల వెంట ఉన్నవారికి భోజనం పొట్లాలు, వారానికి 4,000 చొప్పున 24,000. జూన్ 12న బడులు తెరుస్తారు కాబట్టి పెంతెకొస్తు రోజున 63 మంది పిల్లలకు సంచులు, నోటు పుస్తకాలు, ఒక్కొక్కరికి 480 చొప్పున 30,240. ఇవన్నీ కలిపి 1,37,190.

ఆరాధన క్రమం పత్రాలు, రసీదు పుస్తకాల అచ్చుకు 9,360. డిబ్బీల ఖరీదుతో కలిపి మొత్తం ఖర్చు 2,41,250. నిల్వ 10,275 రూపాయలు, సంఘం బ్యాంకు ఖాతాలో జమ చేశాం.

ఒక పొరపాటు ఒప్పుకోవాలి. ఆసుపత్రికి వెళ్ళిన ఆటో కిరాయిల్లో 1,250 రూపాయలకు ఓచర్లు తీసుకోలేదు. అది నా అజాగ్రత్త. ఆ మొత్తం సంఘం లెక్కలో రాయలేదు, నేనే భరించాను.

బిల్లులు, ఓచర్లు, రసీదుల నకళ్ళు ఈ నెలాఖరు వరకు ప్రతి ఆదివారం ఆరాధన తరువాత సంఘ కార్యాలయంలో ఉంటాయి. ఎవరైనా వచ్చి చూడవచ్చు, అడగవచ్చు. వచ్చే ఏడాది ఈస్టర్ ఏప్రిల్ 5న, భస్మ బుధవారం ఫిబ్రవరి 18న. డిబ్బీలు తిరిగి ఇవ్వని 19 కుటుంబాల వారు ఇప్పుడిచ్చినా తీసుకుంటాం, ఆ సొమ్ము కూడా సేవా పనుల లెక్కలోనే చేరుతుంది.